కప్పట్రాళ్ల పరిసరాల్లో సహజ నేపథ్య వికిరణం: పని మొదలుకాక ముందే నమోదు కావలసిన తొలి స్థాయి

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో, దేవనకొండ మండలానికి చెందిన కప్పట్రాళ్ల అటవీ ప్రాంతం 2024 చివరలో రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చింది. సుమారు 468 హెక్టార్ల అటవీ భూమిలో 68 బోర్లు వేసి యురేనియం నిక్షేపాలను అన్వేషించాలన్నది హైదరాబాదు కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలనాలయం ప్రతిపాదన. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రక్రియను నిలిపివేయవలసిందిగా ఆదేశించింది.

అన్వేషణ జరగాలా, వద్దా అనేది ప్రభుత్వమూ ప్రజలూ తేల్చవలసిన విషయం. వ్యవసాయ శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న వేరు. ఈ ప్రాంతపు నేలలో, నీటిలో, పంటలో నేడు ఎంత రేడియోధార్మికత ఉంది? రేపు ఏ ప్రాజెక్టు వచ్చినా, రాకపోయినా ఈ ప్రశ్నకు సమాధానం అవసరమే. ప్రాజెక్టు వస్తే, ఆ తరువాత వచ్చే మార్పును గుర్తించడానికి పూర్వపు స్థాయి తెలిసి ఉండాలి. రాకపోతే, ఈ ప్రాంతపు వేరుశనగ, ఉల్లి, టమాటాలపై వదంతి పుట్టినప్పుడు దానిని ఖండించడానికో నిర్ధారించడానికో అదే సమాచారం కావాలి. యంత్రాలు దిగిన తరువాత ఈ స్థాయిని కొలవడం సాధ్యం కాదు. కనుక పనులు ఆగి ఉన్న ప్రస్తుత సమయమే దీనికి తగిన సమయం.

నేపథ్య వికిరణపు మూలాలు

వికిరణం లేని చోటు భూమిపై లేదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు, నేలలోని యురేనియం-238, థోరియం-232 శ్రేణుల మూలకాలు, పొటాషియం-40, గాలిలోని రాడాన్ వాయువు, ఆహారంతో శరీరంలోకి చేరే మూలకాలు కలిసి సహజ నేపథ్య వికిరణం అవుతాయి. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం అంచనా ప్రకారం ఒక వ్యక్తికి ప్రపంచ సగటున ఏటా అందే సహజ మోతాదు 2.4 మిల్లీసీవర్టులు. ఇందులో సగానికి పైగా రాడాన్, దాని సంతతి మూలకాలను పీల్చడం వల్ల వచ్చేదే. నేల నుంచి నేరుగా వెలువడే గామా కిరణాల వాటా దాదాపు 0.48 మిల్లీసీవర్టులు, విశ్వకిరణాల వాటా దాదాపు 0.39 మిల్లీసీవర్టులు.

మన దేశంలో అణు శక్తి నియంత్రణ మండలి సాధారణ ప్రజలకు నిర్ణయించిన పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. ఈ పరిమితి మానవ కార్యకలాపాల వల్ల అదనంగా చేరే మోతాదుకే వర్తిస్తుంది. సహజ నేపథ్యం అందులో లేదు. అదనం ఎంతో చెప్పాలంటే మొత్తం నుంచి సహజ స్థాయిని తీసివేయాలి. ఆ సహజ స్థాయి తెలియకపోతే పరిమితి అనే మాటకు క్షేత్రంలో అర్థమే ఉండదు.

శిల మారితే స్థాయి మారుతుంది

ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ప్రాంతాల్లో నేలకు అడుగున ఉన్నవి ప్రధానంగా గ్రానైటు, నైస్ శిలలు. వాటిని చీల్చుకుంటూ అక్కడక్కడ డోలరైట్ డైకులు కనిపిస్తాయి. తుగ్గలి మండలం జొన్నగిరి వైపు బంగారు ఖనిజంతో కూడిన పురాతన షిస్టు శిలల పట్టీ ఉంది. గ్రానైటులో యురేనియం, థోరియం, పొటాషియం మూడూ ఎక్కువ. డోలరైట్ వంటి నల్లరాళ్లలో మూడూ తక్కువ. ఈ తేడా ఎంత ఉండగలదో ఒక లెక్కతో చూడవచ్చు.

నేలలో 1 పీపీఎం యురేనియం కిలోకు 12.35 బెక్వెరెళ్లకు, 1 పీపీఎం థోరియం 4.06 బెక్వెరెళ్లకు, 1 శాతం పొటాషియం 313 బెక్వెరెళ్లకు సమానం. కిలోకు బెక్వెరెళ్లలో చెప్పిన యురేనియం విలువను 0.462తో, థోరియం విలువను 0.604తో, పొటాషియం-40 విలువను 0.0417తో గుణించి కూడితే భూమికి ఒక మీటరు ఎత్తున గాలిలో గామా మోతాదు రేటు గంటకు నానోగ్రేలలో వస్తుంది.

ఉదాహరణకు, గ్రానైటు నుంచి ఏర్పడిన ఒక ఎర్ర నేలలో యురేనియం 4 పీపీఎం, థోరియం 20 పీపీఎం, పొటాషియం 3.5 శాతం ఉన్నాయనుకుందాం. కిలోకు 49, 81, 1,096 బెక్వెరెళ్లు. మోతాదు రేటు గంటకు దాదాపు 117 నానోగ్రేలు. డోలరైట్ డైకు పక్కన ఏర్పడిన నేలలో యురేనియం 1 పీపీఎం, థోరియం 3 పీపీఎం, పొటాషియం 0.8 శాతం అనుకుంటే మోతాదు రేటు గంటకు దాదాపు 23 నానోగ్రేలే. ఈ రెండు చేలూ ఒకే గ్రామంలో ఉండవచ్చు. ఎవరి ప్రమేయమూ లేకుండానే వాటి మధ్య ఐదు రెట్ల తేడా వచ్చింది. ఆరుబయట గడిపే కాలం రోజులో ఐదో వంతు అని తీసుకుని, గ్రే నుంచి సీవర్టుకు 0.7 గుణకం వాడితే మొదటి చేను వల్ల ఏడాదికి 0.14, రెండో చేను వల్ల 0.03 మిల్లీసీవర్టుల మోతాదు వస్తుంది.

కనుక ఒక చేతి పరికరం ఒక బండరాయి పక్కన చూపిన సంఖ్యను, మరొకటి నల్లరేగడి మధ్యలో చూపిన సంఖ్యతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం శాస్త్రీయం కాదు. పోలిక ఎప్పుడూ అదే స్థలంలో, అదే రకం నేలపై, అదే పద్ధతిలో జరగాలి. సహజంగానే స్థాయి అధికంగా ఉన్న ప్రాంతాలకు కేరళలోని కరునాగపల్లి తీరం ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడి మోనజైటు ఇసుకలోని థోరియమే అందుకు కారణం. శ్రీకాకుళం జిల్లా తీరపు ఇసుకల్లోనూ మోనజైటు ఉంది.

వాన, ఎండ, పగుళ్లు

ఒకే స్థలంలో కూడా విలువ కాలాన్ని బట్టి మారుతుంది. వాన పడేటప్పుడు గాలిలోని రాడాన్ సంతతి మూలకాలైన సీసం-214, బిస్మత్-214 చినుకులతో నేలపైకి దిగుతాయి. వాటి అర్ధాయుష్షు వరుసగా 27, 20 నిమిషాలు. అందువల్ల వానలో గామా రేటు తాత్కాలికంగా పెరిగి, వాన వెలిసిన రెండు మూడు గంటల్లో మామూలు స్థితికి వస్తుంది. ఆ తరువాత నేల తడిగా ఉన్నంత కాలం, నీటి పొర గామా కిరణాలను కొంత అడ్డుకోవడం వల్ల రేటు పొడి నేల కంటే తక్కువగా ఉంటుంది. రాడాన్ కూడా తడి నేల రంధ్రాల గుండా తేలికగా బయటికి రాలేదు. దాని అర్ధాయుష్షు 3.8 రోజులే కాబట్టి ఆలస్యమైనంత మేర నేలలోనే క్షీణిస్తుంది. వేసవిలో నల్లరేగడి నేల నెర్రెలు బారినప్పుడు వాయువుకు దారి సుగమమవుతుంది.

దీనిని బట్టి మే నెలలో ఒకసారి కొలిచి ఆపివేసిన సర్వేను తొలి స్థాయిగా స్వీకరించలేమని స్పష్టమవుతుంది. వేసవి, ఖరీఫ్ మధ్యకాలం, వానలు వెనుదిరిగిన కాలం, రబీ చలికాలం అనే నాలుగు రుతువుల్లో, కనీసం రెండేళ్ల పాటు కొలతలు ఉండాలి. అల్ప వర్షపాత మండలంలో ఒక ఏడాదికీ మరో ఏడాదికీ వాన తేడా ఎక్కువ కనుక ఒక్క ఏడాది కొలత చాలదు. ప్రతి కొలతతో పాటు గత 24 గంటల వర్షపాతం, నేల తేమ శాతం నమోదు కావాలి.

తుమ్మలపల్లె అనుభవం

యురేనియం తవ్వకానికీ వ్యవసాయానికీ మధ్య తలెత్తే చిక్కు ఏమిటో కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెలో చూడవచ్చు. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఆధ్వర్యంలోని ఈ గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. ఇక్కడి ఖనిజం డోలోమైటు సున్నపురాయిలో ఉంది. ఆమ్లంతో కరిగించడం లాభసాటి కానందున సోడియం కార్బొనేటు, సోడియం బైకార్బొనేటు ద్రావణాలతో క్షార పద్ధతిలో శుద్ధి జరుగుతుంది. మిగిలిన వ్యర్థం టైలింగ్ పాండ్‌కు చేరుతుంది. ఆ చెరువు సమీప గ్రామాల రైతులు బోరుబావుల నీరు మారిందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఫిర్యాదు చేశారు. ఆ ప్రాంతపు శిలల్లో యురేనియం సహజంగానే ఉందనేది దీనికి ఎదురుగా వినిపించే వాదన.

రెండు వాదనలూ తర్కానికి నిలిచేవే. యురేనియం ఉన్న చోటే గని తవ్వుతారు. కాబట్టి అక్కడి నీటిలో అది ముందు నుంచీ ఉండే అవకాశం ఉంది. వ్యర్థం నుంచి ఊట దిగితే నీటిలో అది పెరిగే అవకాశమూ ఉంది. ఈ రెంటిలో ఏది జరిగిందో చెప్పగలిగేది అదే బావి నుంచి, గనికి ముందు, అదే పద్ధతిలో తీసిన విలువ మాత్రమే. అనుమతుల కోసం ఎంపిక చేసిన కొద్ది స్థలాల నమూనాలు ప్రతి రైతు బావికీ సమాధానం చెప్పలేవు.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇక్కడ గమనించవలసిన మరో అంశం ఉంది. క్షార పద్ధతి వ్యర్థం నుంచి ఊట దిగితే యురేనియం కంటే ముందుగా సోడియం, బైకార్బొనేటు, సల్ఫేటు విలువలు కదులుతాయి. పంటకు తక్షణ నష్టం కలిగించేది కూడా చాలా వరకు ఈ లవణాలే. సోడియం అధిశోషణ నిష్పత్తి, అవశేష సోడియం కార్బొనేటు పెరిగితే నేల కణాలు విడిపోయి నీరు ఇంకదు, పైపొర గట్టిపడుతుంది, అరటి వంటి సున్నితమైన పంట ఆకు అంచులు మాడతాయి. బైకార్బొనేటు అధికంగా ఉన్న క్షార జలాల్లో యురేనియం కార్బొనేటు సంక్లిష్టాలుగా కరిగి చాలా దూరం ప్రయాణించగలదు. కనుక రేడియోధార్మికతను ఒక్కదానినే కొలిచి, సాధారణ నీటి పరీక్షను వదిలివేసిన సర్వే అసంపూర్ణం.

ఎరువులు, సాగునీరు: ఒక పోలిక

ఎరువుల వల్ల కూడా రేడియోధార్మికత చేరుతుంది కదా అన్న సందేహం విద్యార్థులకు సహజం. చేరుతుంది. ఎంత అన్నదే ముఖ్యం. హెక్టారుకు 15 సెంటీమీటర్ల దుక్కి పొర బరువు, ఘనపు మీటరుకు 1.5 టన్నుల స్థూల సాంద్రత లెక్కన, 22.5 లక్షల కిలోలు.

పొటాషియం: ప్రతి గ్రాము సహజ పొటాషియంలో 31 బెక్వెరెళ్ల పొటాషియం-40 ఉంటుంది. 60 శాతం పొటాష్ గల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువులో దాదాపు 50 శాతం పొటాషియం మూలకం. హెక్టారుకు 100 కిలోలు వేస్తే చేరేది దాదాపు 15.5 లక్షల బెక్వెరెళ్లు. సంఖ్య పెద్దదిగా కనిపిస్తుంది. కానీ దుక్కి పొరలో కలిసిన తరువాత కిలోకు 0.7 బెక్వెరెలు మాత్రమే. నేలలో అప్పటికే ఉన్న పొటాషియం-40 ప్రపంచ మధ్యస్థ విలువ కిలోకు 400 బెక్వెరెళ్లు.

భాస్వరం: ఫాస్ఫేటు శిలలో సహజంగా యురేనియం ఉంటుంది కనుక డీఏపీలో కొంత మిగులుతుంది. కిలోకు 100 మిల్లీగ్రాముల యురేనియం ఉందనుకుంటే, హెక్టారుకు 100 కిలోల డీఏపీతో చేరేది 10 గ్రాములు. దుక్కి పొరలో అది 0.0044 పీపీఎం.

సాగునీరు: లీటరుకు 30 మైక్రోగ్రాముల యురేనియం ఉన్న బోరునీటిని పంటకాలంలో 500 మిల్లీమీటర్ల మేర పెడితే, హెక్టారుకు 5,000 ఘనపు మీటర్ల నీటితో 150 గ్రాముల యురేనియం చేరుతుంది. అంతా దుక్కి పొరలోనే నిలిచిందనుకుంటే 0.067 పీపీఎం, అంటే కిలోకు 0.8 బెక్వెరెలు. పైన అనుకున్న డీఏపీ మోతాదుకు ఇది 15 రెట్లు. నేలలో తొలి స్థాయి 3 పీపీఎం అయితే ఏటా 2 శాతం చొప్పున పెరుగుదల అన్నమాట.

ఈ లెక్క నుంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. ఎరువుల ప్రభావం ఒక దశాబ్దం కొలతల్లో కూడా తేలికగా కనపడదు. బోరునీటి ప్రభావం పదేళ్లలో కనపడవచ్చు. కాబట్టి బోరునీటితో తడిసే ఉల్లి, టమాటా చేలనూ, వర్షాధార పత్తి, కంది చేలనూ, హంద్రీ-నీవా కాలువ నీరు పారే చేలనూ వేర్వేరు వర్గాలుగా చూడాలి. వాటిని కలిపివేస్తే మార్పుకు మూలం తెలియదు.

సర్వే రూపకల్పన

కప్పట్రాళ్ల అటవీ ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, 10 నుంచి 20 కిలోమీటర్ల వలయాలుగా విభజించడం అనుకూలం. నైరుతి రుతుపవన కాలంలో గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది కనుక తూర్పు, ఈశాన్య దిశల గ్రామాల్లో స్థలాల సంఖ్య పెంచాలి. నీటి విషయంలో వలయాల కంటే వాగుల దారి ముఖ్యం. హంద్రీ నది గాజులదిన్నె జలాశయం దాటి కోడుమూరు మీదుగా కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. కనుక దిగువన ఉన్న కోడుమూరు పరిసరాలు దూరంగా ఉన్నా సర్వేలో చేరాలి. జలాశయపు పూడిక మట్టి పొరలు పరివాహక ప్రాంతం నుంచి ఏళ్ల తరబడి కొట్టుకువచ్చిన మట్టికి రికార్డు వంటివి. వాటిని కూడా పరీక్షించాలి. ప్రభావానికి అందని దూరంలో, అదే రకం గ్రానైటు నేలలు గల రెండు మూడు గ్రామాలను పోలిక స్థలాలుగా ఎంచుకోవాలి.

గాలిలో గామా రేటు: భూమికి ఒక మీటరు ఎత్తున సోడియం అయొడైడ్ స్ఫురణ పరికరంతో తక్షణ రేటు కొలవాలి. దీనికి తోడుగా డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటు మోతాదు కొలమానులను చెట్లకు, పాఠశాల ఆవరణల్లో వేలాడదీసి మూడు నెలలకు ఒకసారి మార్చాలి. ఇవి వానను, ఎండను కలుపుకొని మొత్తం మోతాదును చెబుతాయి.

రాడాన్: ఎల్‌ఆర్-115 ఫిల్ము గల కొలమానులను ఇళ్లలో మూడు నెలల చొప్పున నాలుగు రుతువుల్లో ఉంచాలి. రాతి గోడల ఇల్లు, మట్టి మిద్దె, సిమెంటు ఇల్లు మూడూ ఉండాలి.

నేల: ప్రతి స్థలంలో ఐదు బిందువుల నుంచి సేకరించి కలపాలి. సాగు చేలలో 0-15, 15-30 సెంటీమీటర్ల లోతులు తీసుకోవాలి. దున్నని బీళ్లలో 0-5 సెంటీమీటర్ల పొరను విడిగా తీయాలి. ఈ తేడాకు కారణం ఉంది. 1950, 1960 దశకాల్లో వాతావరణంలో జరిగిన అణు పరీక్షల వల్ల పడిన సీసియం-137 ఇప్పటికీ నేలల్లో ఉంది. దాని అర్ధాయుష్షు దాదాపు 30 ఏళ్లు. బంకమట్టికి గట్టిగా అంటుకునే ఈ మూలకం దున్నని నేలలో పైపొరలోనే ఉంటుంది. దున్నిన నేలలో దుక్కి లోతంతా కలుస్తుంది. కోతకు గురైన నేలలో తగ్గిపోతుంది. దేవాలయ ఆవరణలు, పశువుల బీళ్లు ఇందుకు మంచి పోలిక స్థలాలు. నమూనాను 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గాలి చొరబడని డబ్బాలో నాలుగు వారాలు మూసి ఉంచాలి. రేడియం-226 తన సంతతి మూలకాలతో సమతుల్యతకు రావడానికి ఈ వ్యవధి తప్పనిసరి. ఆ తరువాత అధిక శుద్ధ జర్మేనియం గామా వర్ణపటమాపకంతో విశ్లేషించాలి.

నీరు: వర్షాలకు ముందు, తరువాత అదే బోరుబావుల నుంచి తీయాలి. మోటారు పది నిమిషాలు నడిపిన తరువాతే సీసా నింపాలి. బావి లోతు, నీటి మట్టం రాసుకోవాలి. ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, బైకార్బొనేటు అక్కడికక్కడే చూడాలి. యురేనియం కోసం తీసిన భాగాన్ని వడపోసి నత్రికామ్లంతో ఉదజని సూచిక 2 కంటే తక్కువకు తేవాలి. తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. అణు శక్తి నియంత్రణ మండలి విలువ 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విలువకు ఆధారం వికిరణం కాదు, మూత్రపిండాలపై రసాయనిక ప్రభావం.

పంట, మేత, పాలు: వేరుశనగ కాయ, ఉల్లిగడ్డ నేలలోనే పెరుగుతాయి కనుక వాటికి అంటిన మన్నే ఫలితాన్ని తలకిందులు చేయగలదు. కడిగినది, కడగనిది వేరుగా విశ్లేషించాలి. వేరుశనగలో పప్పు, పొట్టు వేరు చేయాలి. వేళ్ల నుంచి గింజకు చేరే యురేనియం సాధారణంగా చాలా స్వల్పం. ఆకుకూరల్లో, జొన్న చొప్పలో దుమ్ము రూపంలో పడేది ఎక్కువ ముఖ్యం. చొప్ప తినే పశువు పాలు ఈ గొలుసులో చివరి లంకె.

ఎన్ని స్థలాలు చాలు?

రెండు కాలాల్లో వేర్వేరు చేల నుంచి నమూనాలు తీసి సగటులను పోల్చితే, చేనుకూ చేనుకూ మధ్య విచలన గుణకం 25 శాతం ఉన్నప్పుడు, 20 శాతం మార్పును 95 శాతం విశ్వాస స్థాయిలో, 80 శాతం సామర్థ్యంతో గుర్తించడానికి ఒక్కో కాలంలో దాదాపు 25 స్థలాలు కావాలి. అదే స్థలాలకు మళ్లీ వెళ్లి జత పోలిక చేస్తే శిలల తేడా లెక్క నుంచి తొలగిపోతుంది. జతల మధ్య విచలనం 10 శాతానికి తగ్గితే ఒక్కో నేల వర్గంలో ఐదారు స్థలాలతోనే ఆ మార్పు తెలుస్తుంది. అందువల్ల స్థలాల సంఖ్య పెంచడం కంటే స్థలాన్ని కచ్చితంగా గుర్తించి, అక్కడికే తిరిగి వెళ్లడం మేలు. ఉపగ్రహ స్థాన సూచికతో పాటు సర్వే నంబరు, గట్టు, చెట్టు వంటి స్థిరమైన గుర్తులు రాయాలి. ప్రతి పది నమూనాల్లో ఒకదానిని రెండుగా చేసి మరో ప్రయోగశాలకు పంపాలి. నేల నమూనాలో కొంత భాగాన్ని ఎండబెట్టి భద్రపరిస్తే ఇరవై ఏళ్ల తరువాత కూడా కొత్త పరికరంతో తిరిగి పరీక్షించవచ్చు.

ప్రాజెక్టును బట్టి కొలవవలసినవి

వచ్చే ప్రాజెక్టు ఏదైతే, దానికి తగిన మూలకాలను ముందుగానే ఎంచుకోవాలి. యురేనియం అన్వేషణ, తవ్వకం అయితే యురేనియం, రేడియం-226, రాడాన్, వాటితో పాటు లవణాలు ప్రధానం. అన్వేషణ దశలోనే బోరు తవ్వినప్పుడు వెలువడే రాతిపొడిని ఎక్కడ పోశారో, పని పూర్తయ్యాక బోరును సిమెంటుతో మూశారో లేదో నమోదు కావాలి. మూయని బోరు గుండా వేర్వేరు లోతుల జలాలు కలిసే అవకాశం ఉంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించినటువంటి అణు విద్యుత్ కేంద్రమైతే సీసియం-137, స్ట్రాన్షియం-90, ట్రిటియం చేరతాయి. దేశంలోని అణు విద్యుత్ కేంద్రాల వద్ద ఉత్పత్తికి ఎన్నో ఏళ్ల ముందే పర్యావరణ సర్వే ప్రయోగశాల నెలకొల్పే ఆనవాయితీ ఈ అవసరం నుంచి వచ్చినదే.

అణు సంలీన పరిశోధన కేంద్రమైతే పరిస్థితి మరింత భిన్నం. ఫ్రాన్సులోని కదరాష్‌లో నిర్మాణమవుతున్న ఐటర్‌లో భారతదేశం భాగస్వామి. గాంధీనగర్ సమీపంలోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య, ఎస్‌ఎస్‌టీ-1 టోకమాక్ యంత్రాలు ఉన్నాయి. డ్యుటీరియం, ట్రిటియం ఇంధనంగా వాడే సంలీన కేంద్రాల వద్ద ముఖ్యంగా గమనించవలసినది ట్రిటియం. దాని అర్ధాయుష్షు 12.3 ఏళ్లు. అది నీటి అణువులో హైడ్రోజన్ స్థానంలో చేరి వాన, నేల తేమ, మొక్క రసం గుండా ప్రయాణిస్తుంది. దాని బీటా కిరణాలు ఎంత బలహీనమంటే సాధారణ చేతి పరికరం వాటిని గుర్తించలేదు. ద్రవ స్ఫురణ గణకం కావాలి. అలాంటి చోట గామా సర్వే ఒక్కటే చేసి తొలి స్థాయి కొలిచామనుకుంటే అసలు కొలవవలసినది వదిలివేసినట్లే.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

రేడియోధార్మికత విశ్లేషణ అణు విభాగాల ప్రయోగశాలల్లో జరుగుతుంది. అయితే ఏ చేనులో ఏ పంట, ఏ నీరు, ఎంత ఎరువు అన్న చరిత్ర తెలిసినది వ్యవసాయ యంత్రాంగానికే. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, ఆదోని వ్యవసాయ పరిశోధన స్థానం, గ్రామాల రైతు సేవా కేంద్రాలు ఈ పనికి సహజమైన ఆధారం. నేల ఆరోగ్య పరీక్ష కోసం ఎలాగూ నమూనాలు తీస్తున్నప్పుడు, ఎంపిక చేసిన స్థలాల్లో అదనంగా ఒక కిలో మట్టి భద్రపరచడం భారం కాదు.

నమూనా తీసేటప్పుడు రైతు అక్కడ ఉండాలి. సీసాపై రైతు ఎదుటే ముద్ర వేయాలి. ఫలితం అనుకూలమైనా, ప్రతికూలమైనా మొదట ఆ రైతుకే చేరాలి. బావి యజమాని అనుమతి లేకుండా అతని పేరు బయటపెట్టరాదు. ఒక బావి ఫలితం పుకారుగా మారితే ఆ కుటుంబం కూరగాయలు సంతలో అమ్ముడుపోవు.

సంఖ్యను చెప్పే తీరు కూడా ముఖ్యమే. పరికరం చూపినది గంటకు నానోగ్రేలలోనా, మైక్రోసీవర్టులలోనా అన్నది చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పరాదు. సురక్షితం అన్న ఒక్క మాటతో ముగించడం వల్ల నమ్మకం కలగదు. మీ చేనులో ఇంత ఉంది, పక్క గ్రామాల్లో ఇంత నుంచి ఇంత వరకు ఉంది, పరిమితి ఇంత, మళ్లీ ఫలానా నెలలో కొలుస్తాము అని చెప్పాలి. తాగునీటిలో యురేనియం మార్గదర్శక విలువను మించితే కారణం తేలే వరకు ఆగకుండా ప్రత్యామ్నాయ నీటి వసతి కోసం సంబంధిత శాఖకు తెలియజేయాలి. సహజంగా ఉన్నదైనా, మానవుని వల్ల వచ్చినదైనా మూత్రపిండానికి తేడా లేదు.

ముగింపు

పశ్చిమ కర్నూలు నేలల్లో రేడియోధార్మికత ఒక చోట నుంచి మరో చోటికి, ఒక రుతువు నుంచి మరో రుతువుకు సహజంగానే ఎన్నో రెట్లు మారగలదు. ఈ సహజ వైవిధ్యాన్ని ముందుగా కొలిచి ఉంచకపోతే, రేపు వచ్చే నిజమైన మార్పు దానిలో దాగిపోవచ్చు. లేని మార్పు ఉన్నట్లు కనిపించవచ్చు. మొదటిది రైతు ఆరోగ్యానికి నష్టం, రెండోది రైతు పంటకు నష్టం. అవే స్థలాలు, అవే బావులు, అదే పద్ధతి, నాలుగు రుతువులు, రెండేళ్ల కాలం అన్న క్రమంలో సేకరించిన సమాచారం ఈ రెండు నష్టాలనూ నివారించగలదు. అది ప్రాజెక్టుకు అనుకూల సాక్ష్యమూ కాదు, వ్యతిరేక సాక్ష్యమూ కాదు. ఏ పక్షం వాదన వచ్చినా పరీక్షించడానికి వీలైన కొలబద్ద మాత్రమే. కప్పట్రాళ్లలో బోరు యంత్రాలు లేని ఈ విరామంలోనే ఆ కొలబద్దను సిద్ధం చేసుకోవడం వ్యవసాయ పరిశోధన, విస్తరణ వ్యవస్థల తక్షణ కర్తవ్యం.